ముగ్గురు ఇంకా భూమిలనే ఉన్నరు

మా అవ్వ విత్తనం వేసేటప్పుడు దానితో మాట్లాడేది. సాలులో గింజలు జారవిడుస్తూ, చుట్టాలను సాగనంపుతున్నట్టు "పోయి రాండ్రి" అనేది. వారం తిరిగాక మొలకలు కనిపిస్తే "వచ్చిండ్రు" అనేది. నేను ఆమె వెనకే నడుస్తూ, ఎక్కడికి పోయారు, అక్కడ ఏం చేశారు, లోపల చీకటిగా ఉండదా అని ప్రాణం తీసేదాన్ని. దేనికీ జవాబు ఇచ్చేది కాదు. నీ నోటికి తాళం లేదే అని మాత్రం విసుక్కునేది. మనవలు పుట్టిన తర్వాత కూడా నాకు ఆ తాళం దొరకలేదు.

అవ్వ దగ్గర నేర్చుకున్న ఆ మాట వల్లే మా పంతులు రెండు రోజులు బందెలదొడ్డిలో ఉండాల్సి వచ్చింది. అందుకే ఆమెతో మొదలుపెట్టాను.

పోలీసు చర్య అయిన మరుసటి వానాకాలం అది. ఇబ్రహీంపట్నం బడిలో చదువుకునే ఆడపిల్లలం ముగ్గురమో నలుగురమో. నాకు పదేళ్లు ఉంటాయి. అంతకుముందు బడిలో అంతా ఉర్దూయే, ఆ ఏడే తెలుగులో పాఠాలు మొదలయ్యాయి. తెలుగు చెప్పడానికి వచ్చిన పంతులు సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిల్‌తో ఉండేవాడు. ఎక్కడో పరదేశంలో పిల్లలే గుంపుగా చేరి సొంతంగా సేద్యం చేస్తారని ఆయన పట్నంలో ఒక పుస్తకంలో చదివాడట. వాళ్లు చేయగా లేనిది మనం ఎందుకు చేయలేం అని, బడి వెనక సర్కారు తుమ్మలు మొలిచి పడి ఉన్న జాగాను మా చేత బాగు చేయించాడు. ముళ్లు గుచ్చుకుని మేం ఏడిస్తే ఆయనే కూర్చుని పిన్నీసుతో తీసేవాడు.

పన్నెండు మందిమి చేరాం. ఒక్కొక్కరికి చాప పరిచినంత మడి. ఎవరి విత్తనం వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవాలి, నీళ్లు పోయాలి, రోజూ చూడాలి, చూసింది రాయాలి. శనివారం సాయంత్రం అందరం కూర్చుంటే ఎవరి మడి వార్తలు వాళ్లు లేచి చదవాలి. ఒక్కటి మాత్రం చేయకూడదు. వేసిన గింజను తవ్వి చూడకూడదు. తవ్వితే సంఘం నుంచి తీసేస్తానన్నాడు.

అవును, సంఘమే. పిల్లల సేద్య సంఘం అని పేరు పెట్టాడు. అందరికీ కలిపి ఒకటే నోటు పుస్తకం, దాని అట్ట మీద ఇంత లావు అక్షరాలతో "సంఘం వార్తలు" అని రాశాడు. ఆ రోజుల్లో ఆ మాట గట్టిగా అనేవాళ్లు కాదు. సర్కారు మీద తిరగబడ్డ సంఘం వాళ్లు రాచకొండ గుట్టల్లో దాక్కున్నారని, వాళ్లకు అన్నం పెట్టిన ఇళ్లవాళ్లను పట్టుకుపోతున్నారని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. మా ఊళ్లో పోలీసుల క్యాంపు పడింది. ఆ పేరు విని మా బాపు, మీ సారుకు ఇంకో మాట దొరకలేదా అన్నాడు. నేను ఊరుకుంటానా, అదే పంతులును అడిగాను. పదిమంది కూడి పని చేస్తే దాన్ని సంఘమే అంటారు, తెలుగు మాటకు భయపడితే ఎట్లా అన్నాడు. మంచివాడే గానీ మొండివాడు. నాకు మొండివాళ్లంటే అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే.

మా వార్తలు భలేగా ఉండేవి. "నా బెండ మొక్కను మేక తిన్నది. మేక ఎవరిదో ఎరుకే. చెప్ప" అని ఒకడు మూడు శనివారాలు వరసగా చదివాడు. ఇంకొకడు పల్లీలు నాటి పది రోజులు నీళ్లు పోశాడు. ఎంతకీ రాలేదు. మిగిలినవి ఏవిరా అని పంతులు అడిగితే జేబులోంచి తీసి ఇచ్చాడు. అవి వేయించిన పల్లీలు. పంతులు ఒకటి నోట్లో వేసుకుని, రుచి బాగుంది, పంట మాత్రం రాదు అన్నాడు.

నేను పది కందులు పెట్టాను. పక్క మడి నా దోస్తుది. వాళ్ల నాయన జట్కా తోలేవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. ఆమె మిరప వేసింది. వాళ్ల మాటలో మిరపకాయ ఆడదట, గింజ మగవాడట. గింజ వస్తే "వచ్చాడు" అన్నట్టే అంటారని ఆమె చెప్పగానే నాకు ఎక్కడలేని సంబరం వచ్చింది. మా అవ్వ చెప్పిందే నిజమన్నమాట. ఆ రోజు నుంచి పుస్తకంలో నా పేజీల్లో కందులన్నిటినీ మనుషుల్ని చేసి రాయడం మొదలుపెట్టాను.

పంతులు పెన్సిల్ తీసి దిద్దాడు. గింజలు మనుషులు కావు, "వచ్చినయ్" అని రాయాలి అన్నాడు.

"సారూ, అమ్మ వచ్చింది అంటం, బర్రె వచ్చింది అంటం. అమ్మ బర్రె గాదు గద. మరి కందులు వచ్చిండ్రు అంటె ఏం పోతది?" అన్నాను.

ఆయన కోప్పడతాడేమోనని నా దోస్తు నా లంగా పట్టి లాగింది. ఆయన మాత్రం, నీ పేజీలో నీ ఇష్టం, పరీక్షలో మాత్రం "వచ్చినయ్" అని రాయి అన్నాడు. జీవితంలో నేను గెలిచిన మొదటి వాదన అది. అది ఎంత చేటు తెస్తుందో నాకేం తెలుసు?

ఏడు కందులు మొలిచాయి. మూడు మొలవలేదు. ఏమయ్యాయో తెలియక నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే ఎవరూ రాకముందు బడి వెనక్కి పోయి, వేలితో మట్టి తీసి చూసేదాన్ని. గింజ ఉబ్బిందా, చిట్లిందా, ఏ వైపు నుంచి చిట్లింది, అన్నీ చూసి మళ్లీ కప్పేసేదాన్ని. కప్పేటప్పుడు ఎవరికీ కనపడకూడదని ఇంకాస్త లోపలికి నొక్కేదాన్ని. చూసిందల్లా రాయాలన్నది సంఘం నియమం, తవ్వకూడదన్నదీ సంఘం నియమమే. రెండూ పాటించాలని ఇలా రాశాను: "ఏడుగురు లేచిండ్రు. ముగ్గురు ఇంకా భూమిలనే ఉన్నరు. రోజు పొద్దుగాల పోయి చూసొస్తున్న. ఎవ్వరికి చెప్పలె." శనివారం చదివేటప్పుడు చివరి రెండు వాక్యాలు మింగేద్దామనుకున్నాను.

శనివారం రాకముందే పోలీసులు వచ్చారు. ఊరు తనిఖీ చేస్తూ బడిలోకీ వచ్చారు. అధికారికి తెలుగు రాదు. ఆయన వెంట కృష్ణా వైపు నుంచి వచ్చిన ఒక దుబాసీ ఉన్నాడు. బల్ల మీద పుస్తకం అట్ట చూసి దుబాసీ ఆగిపోయాడు. పేజీలు తిప్పాడు. నా పేజీ దగ్గర ఆగి పైకి చదివాడు. మా యాస ఆయన నోట్లో వింతగా పలికింది. ఒక్కో వాక్యం చదివి అధికారికి హిందీలో చెప్పాడు. "ముగ్గురు ఇంకా భూమిలనే ఉన్నరు" అన్న చోట అధికారి టోపీ సర్దుకున్నాడు.

ఇవి కందులు, పిల్లల రాత అని పంతులు చెప్పాడు. ఏ పిల్లలు, ఎవరు రాశారు అని అడిగారు. ఆయన కళ్లు నా వైపు రాలేదు. "నేనే రాయించిన" అన్నాడు.

నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. లేచి నిలబడితే అయిపోయేది. ఎప్పుడూ మూతపడని నా నోరు ఆ పూట పెగల్లేదు. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. పంతులు చెప్పులు తొడుక్కుని, మాతో "పోయొస్త" అని, వాళ్ల మధ్యలో నడుచుకుంటూ వెళ్లాడు.

క్యాంపులో జాగా లేక, చేలల్లో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డిలో మనుషుల్ని ఉంచేవాళ్లు. అక్కడికి పోయినవాళ్లలో కొందరిని అక్కణ్నుంచి ఇంకెక్కడికో తీసుకుపోయేవాళ్లు. పంతులునూ అలా పంపేస్తారని మర్నాటికి ఊరంతా అనుకోవడం మొదలైంది. తవ్విన సంగతి, రాసిన సంగతి బాపుతో చెప్పేశాను. ఆయన తల పట్టుకుని, నువ్వు ఇంట్లోంచి కదలకు, ఎవ్వరితో అనకు అన్నాడు. ఆయన భయం ఆయనది. అవ్వ మాత్రం చెంగు నడుముకు దోపుకుని, "నడువే. నువ్వు రాసిందానికి ఆయన ఎందుకుండాలె ఆడ?" అంది.

క్యాంపు ముందు దుబాసీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అవ్వ నన్ను ఆయన ముందుకు తోసింది. అది నేనే రాశానన్నాను. ఆయన నమ్మలేదు. ఓ కాగితం ఇచ్చి రాయమన్నాడు. అదే వాక్యం రాశాను. రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ ముగ్గురూ ఎవరమ్మాయ్?" అన్నాడు.

"కందులు."

"కందుల అనేది ఇంటిపేరా?"

కాదు, పప్పు చేసుకునే కందులు అన్నాను. ఆయన నన్ను, అవ్వను మార్చి మార్చి చూసి, లోపలికి పోయి అధికారిని తీసుకొచ్చాడు. ఆ ముగ్గురిని చూపించమన్నారు. చూపించలేకపోతే పంతులును మర్నాడు పంపేస్తారు. ఆ మాట దుబాసీ నాకు చెప్పలేదు, అవ్వకు చెప్పాడు. నేను విన్నాను.

బడి వెనక మడి దగ్గర అధికారి నిలబడ్డాడు. దుబాసీ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎన్నిసార్లు తవ్వానో ఆ మూడు చోట్లూ నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. మొదటి చోట తవ్వాను. మొన్న చూసిన గింజ లేదు, చీమలు ఉన్నాయి. రెండో చోట తవ్వితే నల్లగా కుళ్లిన తొక్క చేతికి అంటింది. అది గింజ అని ఎవరు నమ్ముతారు? మూడో చోట ఎంత తీసినా మట్టే వచ్చింది. అధికారి ఏదో అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. నొక్కి నొక్కి ఎంత లోపలికి పంపానో అప్పుడు గుర్తుకొచ్చి ఇంకా తవ్వాను. దొరికింది. చిట్లి, గోరంత తెల్లటి వేరు బయటపెట్టి ఉంది.

దుబాసీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. తర్వాత అధికారి వైపు చెయ్యి చాపి హిందీలో చెప్పి, మళ్లీ మాకు అర్థమయ్యేట్టు అన్నాడు.

"ఒకడు దొరికాడని చెప్పాను."

ఆయనే దాన్ని మళ్లీ మట్టిలో పెట్టాడు. రైతు బిడ్డే కాబోలు, నాలాగా కాకుండా, ఎంత లోతు కావాలో అంతే పెట్టాడు. అవ్వ వంగి మట్టి సర్ది, అలవాటుగా "పోయి రా" అంది. సంఘం అన్న పేరు తీసెయ్యమని మీ మాస్టారికి చెప్పమ్మాయ్ అని ఆయన నాతో అని వెళ్లిపోయాడు.

పంతులును ఆ సాయంత్రమే వదిలిపెట్టారు. శనివారం బడి వెనక కూర్చుంటే పన్నెండు మందిలో ఐదుగురమే మిగిలాం. మిగతావాళ్లను ఇంటివాళ్లు పంపలేదు. పుస్తకం తిరిగి వచ్చింది గానీ అట్ట లేదు. పంతులు చొక్కా ఉతికి వేసుకున్నా పేడ మరకలు పోలేదు. నేను లేచి, తవ్విన సంగతంతా చెప్పి, నన్ను సంఘం నుంచి తీసెయ్యండి అన్నాను. తీసెయ్యడానికి ఇప్పుడు సంఘం ఎక్కడుంది అని, కూర్చుని వార్తలు రాయమన్నాడు. ఏం రాయాలో తోచక ఆయన ముఖం చూశాను.

"రాయి. పంతులు వచ్చింది."

తప్పు విన్నాననుకున్నాను. ఆయన మళ్లీ అదే అన్నాడు. "రెండు దినాలు గొడ్లను కట్టేసే జాగల ఉన్న. గా మాట చాలు నాకు." మమ్మల్ని నవ్వించడానికే అన్నట్టున్నాడు. ఎవరం నవ్వలేదు. నా దోస్తు ముఖం తిప్పుకుంది. నాకు ఆ క్యాంపు మీద, ఆ పుస్తకం మీద, నా మీద పట్టరాని కోపం వచ్చింది.

పెన్సిల్ విరిగేంత గట్టిగా నొక్కి "పంతులు వచ్చిండ్రు" అని రాశాను. ఆ పొద్దున్నే మడిలో చూసింది గుర్తొచ్చి, దాని కింద "కంది ఒకడు వచ్చిండు" అని కూడా రాసి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన రెండూ చదివాడు. జేబులోంచి పెన్సిల్ తీసి ఆ రెండు వాక్యాల మీద కాసేపు పట్టుకున్నాడు. తర్వాత దేన్నీ దిద్దకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.