కల్లూరు సీసాలో క్యాను నీళ్లు

పోయినేడు నీటి పరీక్షలు చేసి మేం ఇచ్చిన నివేదికలో చివరి వాక్యం నేనే రాశాను. కల్లూరులో ఫలానా వీధి బోరు నీళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి, పక్కనున్న రంగుల కార్ఖానా మురుగును శుద్ధి చేసే ఖర్చు దండగ అని. లెక్కల్లో ఒక్క తప్పూ లేదు.

ఈ రోజు మళ్లీ అదే వీధికి పోయాను. పోయినసారి బోరు నీళ్లు పట్టివ్వమని పొద్దున ఇంటింటికీ ఖాళీ సీసాలిచ్చి, సాయంత్రం నింపినవి తెచ్చుకున్నాం. ఈసారి సుబ్బమ్మ గారి వాకిట్లోనే నిలబడ్డాను. ఆమె సీసాను రెండుసార్లు కడిగి, చేతిబోరు దాటుకుని లోపలికి పోయి, కొన్న క్యాను వంచింది.

"అదేందమ్మా, బోరు నీళ్లు కదా మేం అడిగింది?"

"ఇంటికొచ్చినోళ్లకు ఆ కంపు నీళ్లు ఎట్ల ఇస్తామప్పా? పోయినేడు గూడా వీధంతా క్యాను నీళ్లే పోసిస్తిమి. శానా బాగుండాయని మీరే రాసుకుంటిరంట గదా!"

బోరు కొట్టి చూశాను. పచ్చగా వచ్చాయి. ముక్కు మూసుకున్నాను.

మా పెద్దసారుకు ఫోన్ చేస్తే, "నివేదికకు ఆమోదం కూడా వచ్చేసింది, ఇప్పుడు కెలకొద్దు" అన్నారు. ఆ నివేదికనే చూపించి కార్ఖానా వాళ్లు శుద్ధి యంత్రం పెట్టడం మానేశారట.

ఎండలో వచ్చానని సుబ్బమ్మ నాకు గ్లాసుడు నీళ్లిచ్చింది. క్యానువే. తను మాత్రం బోరు నీళ్లు గుడ్డలో వడగట్టుకుని తాగింది.

ఎవరిని తిట్టాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. మీ ఇంటికి ఎవరైనా ఖాళీ సీసాతో వస్తే మీరు ఏ నీళ్లు పోసిస్తారు?