జంట పోటీకి ముందు శుక్రవారం

నా చిన్నప్పుడు నాకు రైఫిల్ కాల్చడం నేర్పింది మా పక్కింటి ఖాలా అని చెబితే మా మనవలు నమ్మరు. నా మోకాళ్ళ నొప్పుల వంక చూసి కిసుక్కున నవ్వుతారు. నవ్వుకోనీ. అల్ వుకైర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఏసీ కింద కూర్చుని ఇవాళ ఇది రాస్తున్న నేను ఈ జన్మలో కాస్త ధైర్యంగా బతికానంటే, అందులో సగం ఆవిడ పెట్టిన భిక్షే.

అప్పట్లో మేము ఈ గల్ఫ్ దేశంలోనే, దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న చమురు బావుల దగ్గర మెకానిక్. మాది కాకినాడ వైపు. గోడ అవతల ఉండే ఖాలావాళ్ళది కరీంనగర్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఉర్దూలో పిన్నిని ఖాలా అంటారు. ఆవిడ కంపెనీ ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ అబ్బా ఒకప్పుడు వేటకు వెళ్ళే మనిషట, కూతురికి కూడా రైఫిల్ పట్టడం నేర్పాడు. వారమంతా తెల్ల గౌనులో అందరికీ సూదులు వేసే మనిషి, శుక్రవారం వస్తే చాలు, జబల్ అని పిలిచే రాతిగుట్ట కింద క్లబ్బు రేంజిలో బోర్లా పడుకుని అట్ట జింకలను కాల్చేది. సూదైనా గుండైనా ఆవిడ చేతిలో గురి తప్పదని నాన్న హాస్యమాడేవారు.

ఆ క్లబ్బులో ఏటా చలికాలం వేటగాళ్ళ పోటీ జరిగేది. పేరుకే వేట. ప్రాణమున్న జింకను ఎవరూ ముట్టరు, అట్ట మీద గీసిన జింకే. దాని గుండె చుట్టూ ఒక గీత ఉంటుంది. గుండు ఆ గీత లోపల పడితే మార్కులు. పొట్టలోనో కాలిలోనో తగిలిందా, ఉన్న మార్కులు కూడా కోసేస్తారు. అంతకంటే అసలు తగలకపోవడమే నయం. జింకను గాయపరిచి వదిలేసేవాడు వేటగాడే కాదని వాళ్ళ పట్టుదల. ఖాలా ఒంటరి పోటీలో చాలాసార్లు గెలిచింది. కానీ ఒక పెద్ద, ఒక చిన్న కలిసి కాల్చే జంట పోటీ ఒకటుండేది. దాని జోలికి ఆవిడ ఎన్నడూ వెళ్ళలేదు. ఆవిడకు పిల్లలు లేరు.

ఆ ఏడాది ఖాలా భర్త ఉద్యోగం ముగిసి, వాళ్ళు హైదరాబాదుకు మకాం ఎత్తేస్తున్నారు. వెళ్ళేలోగా ఒక్కసారైనా ఆ జంట పోటీలో నిలబడాలని ఆవిడ కోరిక. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ, నన్ను పంపమని నాన్నను అడిగింది. ఆడపిల్లకు తుపాకీ ఏమిటని అమ్మ ముఖం ముడుచుకుంది. కానీ నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు డ్యూటీ దిగి నేరుగా వచ్చి నా మంచం పక్కన కూర్చున్న మనిషి ఆవిడ. కాదనడానికి అమ్మకు నోరు రాలేదు.

చిన్న రైఫిల్‌తో మొదట్లో బాగానే కాల్చాను. ఒకరోజు సరదాపడి, బతిమాలి, ఖాలా పెద్ద రైఫిల్ పేల్చాను. భుజం కమిలిపోయింది, చెవులు గింగురుమన్నాయి. ఆ రోజు నుంచి చిన్న రైఫిల్ పట్టుకున్నా నా గుండ్లన్నీ జింక పొట్టలోకే. రైఫిలే పాడైందని నా వాదన. ఖాలా భర్త దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించారు. మెకానిక్ బుద్ధి ఊరుకోక నాన్న కూడా అటూ ఇటూ తిప్పి చూశారు. అక్కడి మాటలో చెప్పాలంటే ఫాయిదా మాఫీ, ఏం లాభం లేకపోయింది.

పోటీకి ముందు శుక్రవారం పిల్లలకు పరీక్ష పెట్టేవారు. ఒక్క గుండు పొట్టలో పడినా ఆ జంట ఇంటికి పోవాల్సిందే. పరీక్ష జుమ్మా నమాజు తరవాత. పొద్దున్నే ఖాలా నన్ను రేంజికి తీసుకెళ్ళింది. దారి పొడవునా నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. నేను తప్పితే పోయేది నా ఆట కాదు, ఆవిడ ఇన్నాళ్ళ ఆశ.

రేంజిలో ఖాలా నన్ను బోర్లా పడుకోబెట్టింది. ఇవాళ తూటాలు నేను పెడతాను, నువ్వు కాల్చు చాలు అంది. నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, తూటా పెట్టి ఇచ్చింది. కాల్చాను. పొట్టలోకే పోయింది. మళ్ళీ పెట్టి ఇచ్చింది. ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాను. టక్కుమంది, అంతే. లోపల ఉన్నది ఎప్పుడో కాల్చేసిన ఖాళీ తూటా. కానీ రైఫిల్ గొట్టం మాత్రం నా చేతుల్లో ఒక్క ఉదుటున కిందికి వాలింది. నా కళ్ళతో నేనే చూశాను. రాని దెబ్బకు నా ఒళ్ళు ముందే ముడుచుకుపోతోంది. పాపం రైఫిల్‌కు ఏ రోగమూ లేదు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఖాలా నవ్వలేదు, ఓదార్చనూ లేదు. తన పెద్ద రైఫిల్ తెచ్చి నా ముందు పెట్టింది. ఒక నిండు తూటా, ఒక ఖాళీ తూటా నా అరచేతిలో ఉంచింది.

"ఇప్పుడు నాకు నువ్వు పెట్టు బిడ్డా. ఏది పెట్టినవో చెప్పకు," అంది.

నేను ఖాళీది పెట్టాను. ఆవిడ చెంప ఆనించి, నెమ్మదిగా నొక్కింది. టక్కుమంది. గొట్టం కిందికి ఊగింది. కొంచెమే గానీ, ఊగింది. ఆ రేంజి మొత్తంలో ఆవిడను మించి కాల్చేవాళ్ళు లేరు.

"చూసినవా? నాకూ ఉంది ఆ బెదురు," అంది ఖాలా. "ఇన్నేండ్ల సంది కాలుస్తున్నా, పోలే. అది పోయినంక కాలుద్దామంటే ఎన్నడూ కాల్వం. వస్తున్నదని తెలుసుకో, రానియ్యి. నువ్వు మాత్రం మెల్లగ నొక్కు. యల్లా, పట్టు."

మధ్యాహ్నం దాకా అలా తూటాలు పెడుతూనే ఉంది. ఏది నిండుదో ఏది ఖాళీదో నేను అడగడం మానేశాక గొట్టం ఊగకుండా నిలబడింది. పరీక్షలో ఒక్క గుండు కూడా గీత దాటలేదు. మరుసటి వారం పోటీలో మాకు రెండో స్థానం వచ్చింది. పేర్లు చదివిన పెద్దమనిషి నన్ను ఆవిడ కూతురనుకుని మైకులో అలాగే పిలిచాడు. ఖాలా సరిదిద్దలేదు. నాన్న కూడా సరిదిద్దలేదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆడపిల్లకు తుపాకీ ఏమిటన్న అమ్మే ఇంటికి రాగానే మా ఇద్దరికీ కలిపి దిష్టి తీసింది.

పెళ్ళయి, పిల్లలు పుట్టాక, హైదరాబాదులో ఆవిడను చూడడానికి వెళ్ళాను. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న అనుమానం అప్పుడు అడిగేశాను. నన్ను ఊరడించడానికే ఆ రోజు కావాలని రైఫిల్ ఊపావా ఖాలా అని. ఆవిడ నా చేతిలో టీ కప్పు పెట్టి, నా పక్కన కూర్చుంది.

"కావాలని కాదు బిడ్డా. నా రైఫిల్ల ఇంకొకరితోని తూటా పెట్టించుకున్నది ఆ ఒక్కనాడే. ఎవరన్న చూస్తరని భయం. మా అబ్బాకు గూడ తెల్వదు."

కన్నతండ్రికి కూడా చూపని భయాన్ని, పక్కింటి పిల్ల ఏడవకూడదని ఆవిడ నాకు చూపించింది. ఆ రుణం నేనెలా తీర్చుకోను? మొన్న మా మనవరాలు స్కూల్లో స్టేజీ ఎక్కనని మంచం కింద దూరి ఏడుస్తుంటే, ఏం భయం లేదు అనబోయి ఆగిపోయాను. మోకాళ్ళు సహకరించకపోయినా కింద కూర్చుని, వచ్చే వారం కంటి ఆపరేషనంటే నాకు ఎంత హడలుగా ఉందో, మా అమ్మాయికి కూడా చెప్పని మాట, దానికి చెప్పాను. అది ఏడుపు ఆపి బయటికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, ఆసుపత్రికి నేనూ వస్తాలే అమ్మమ్మా అంది.