సబ్బు డబ్బా అతికించిన సీడీ ప్లేయర్

పోయిన సోమవారం కోరుట్లలోని మా పాత గల్లీ వాట్సాప్ గ్రూపులో మెకానిక్ కాక ఫోటో వచ్చింది, చుట్టూ పూలదండ బొమ్మతో. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో ఒకసారి బతికున్న మనిషికే దండ వేశారు. జగిత్యాల నుంచి వెంటనే వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "నిజమే బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, కుర్చీలనే ఒరిగిపోయిండు" అని ఏడ్చింది. అప్పుడు నమ్మాను.

ఆయన నాకు చుట్టం కాదు. బస్టాండు దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసేవాడు. గల్లీ అంతా కాకా అని పిలిచేది కాబట్టి నేనూ పిలిచాను.

పదిహేనేళ్ల కిందట మా ఆయన దుబాయి నుంచి చేతిలో పట్టే సీడీ ప్లేయర్ ఒకటి తెచ్చిచ్చి, తిరిగి వెళ్లాడు. నా దగ్గర ఉన్నది ఒక్కటే సీడీ. సిరిసిల్లలో మా అమ్మ బీడీలు చేస్తూ పాడుకుంటుంటే మా తమ్ముడు టేపులో పట్టాడు. అమ్మ పోయాక ఫోటో స్టూడియోవాళ్లు దాన్ని సీడీ చేసిచ్చారు. ప్లేయర్లో పెడితే అమ్మ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. కాకకు చూపిస్తే ఇయర్ ఫోన్లు పెట్టుకుని విన్నాడు.

"సీడీల తప్పు లేదు బిడ్డా. మిషిన్ల దారి ఇరుకున్నది. పక్కపొంటి కొత్త దారి ఏస్త" అన్నాడు.

దుబాయికి ఫోన్ చేసి చెబితే మా ఆయన, "పైలం! అసలు సామాను తీస్కొని లోకల్‌ది ఏస్తరు" అన్నాడు. నాకు ఒకరు చెప్పాలా? నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని. గల్ఫ్ వస్తువును రిపేరుకు ఇచ్చేముందు లోపల గుర్తు పెట్టుకోవడం మా గల్లీలో అందరికీ అలవాటే. మూత విప్పి, కంటికి ఆనిన ఆరు భాగాల మీద గులాబీ గోళ్ల రంగుతో చుక్కలు పెట్టాను. మళ్లీ బిగించి, ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి ఇచ్చాను.

ఇచ్చి ఎదురుగానే కూర్చున్నాను. మూత విప్పాక, చాయ్ తెప్పిస్తానంటే వద్దన్నాను. చాయ్ కోసం తల వంచితే చాలు, ఏదో ఒకటి మాయమవుతుందని భయం. నిజానికి అనుమానంలో ఆయన నాకేం తీసిపోడు. కొత్త వైరు కొంటే పైతొడుగు చీల్చి, లోపల రాగి తీగ గీకి చూసేవాడు. చివరికి తన చెవినీ నమ్మడు.

"మనం చేసిన పని మన చెవుకు ఎప్పుడూ మంచిగనే ఉంటది. గందుకే ఇంకొకల చెవు కావాలె" అనేవాడు.

బడి వదిలే వేళకు పాపను తీసుకురావడానికి ఒక్క గంట లేచాను. ఆ గంటే ఇన్నేళ్లు నన్ను తిన్నది. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ప్లేయర్ అడుగున ఒక సబ్బు డబ్బా అతికించి ఉంది, అందులోకి సన్నటి వైర్లు. పక్కన చిన్న స్విచ్చి. మూత స్క్రూల మీద ఆయన సంతకం పెట్టిన కాగితం సీళ్లు.

"సీలు చింపితే మళ్ల నన్ను అడగద్దు. నీకు నా మీద అనుమానం, నాకు నీ స్క్రూడ్రైవర్ మీద అనుమానం" అని నవ్వాడు.

చుక్కలు చూశాడా? అడిగితే నేనే దొరికిపోతాను.

"స్విచ్చి ఒక దిక్కు పాత దారి, ఇంకో దిక్కు నాది. ఏది ఏదో చెప్ప. ఇని నువ్వే చెప్పు" అన్నాడు.

ఒక దిక్కు అదే రేకు డబ్బా. రెండో దిక్కు జరిపాను. అమ్మ చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుంది. పాట కింద తునికాకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు. ఆ చప్పుడు ఒకటుండేదని నేను మరిచేపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే బుర్రలో పురుగు తొలిచింది: అసలు సామాను తీసేసి పాత దారిని తనే చెడగొట్టి ఉంటాడు, తనది గొప్పగా కనపడాలని!

"తేడా ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు కాకా. రెండూ ఒక్కటే."

నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "అట్లనా" అని, టంకం కడ్డీని స్టాండులో పెట్టేశాడు.

అంతటితో ఊరుకున్నానా? నా అనుమానాన్ని పక్కింటామె చెవిలో కూడా వేశాను. ఆమె తన టేపురికార్డర్ను మెట్‌పల్లిలో బాగుచేయించుకుంది. కాక మాత్రం ఎక్కడ కనపడ్డా ఒకటే అడిగేవాడు: "ఏ దిక్కు పెట్టినవ్ బిడ్డా?" "యాది లేదు కాకా" అనేదాన్ని. ఇంట్లో ఎప్పుడూ ఆయన దిక్కే. ఎవరైనా వస్తే స్విచ్చి వెనక్కి జరిపేదాన్ని. నిరుడు ఒక పెండ్లిలో మళ్లీ అడిగాడు, నేను మళ్లీ అదే చెప్పాను. "గిన్నేండ్లయినా యాదికి రాలేదా?" అని నవ్వుతూ భోజనాల బంతికి పోయాడు.

కోరుట్ల వెళ్లి ఆయన్ని చివరిసారి చూసి, మధ్యాహ్నానికి జగిత్యాల తిరిగొచ్చాను. స్నానం చేసి, ప్లేయర్ ముందేసుకుని సీళ్లు చింపాను.

ఆరు చుక్కలూ ఉన్నాయి. ఏ భాగమూ కదల్లేదు. కొత్తవన్నీ సబ్బు డబ్బాలోనే ఉన్నాయి. చుక్కలను మళ్లీ లెక్కపెట్టాను. ఐదే గులాబీ రంగువి. కొత్త వైరు అతికిన చోట ఆరోది ఎర్రగా ఉంది. అది నా రంగు కాదు. స్క్రూలు వదులు కాకుండా కాక పెట్టే పెయింటు. టంకం వేడికి నా చుక్క కరిగి ఉంటుంది. ఆయన తన పెయింటుతో, అంతే చుక్క, అక్కడే పెట్టాడు.

అంటే ఆ రోజే అన్నీ చూశాడు. చూసి కూడా చాయ్ తాగుతావా అనే అడిగాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన పదిహేనేళ్లు అడిగింది ఒక్క మాట. అది నా నోట్లోనే ఉండిపోయింది.

మూత బిగించాను. పాప అలమారలో వెతికితే గులాబీ గోళ్ల రంగు దొరికింది. స్విచ్చి పక్కన, కాక దిక్కున, ఒక చుక్క పెట్టాను. అది ఆరేదాకా వేలు తగలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఇయర్ ఫోన్లలో అమ్మ ఆకు కత్తిరిస్తూనే ఉంది.