శేషావతారం గారి వంతెనకు అంటగట్టిన జమీందారు

కళాదర్శకులు శేషావతారం గారు దివంగతులయ్యారన్న వార్త కిందటి వారం యూసుఫ్‌గూడలోని మా ఇంటికి చేరగానే మ్రాన్పడిపోయాను. ఆయన దగ్గర సెట్లు వేయడం నేర్చుకున్నదాన్ని. దుఃఖం గురించే రాద్దామనుకున్నాను. కానీ నిన్న ఫిల్మ్‌నగర్‌లో జరిగిన సంతాపసభ తర్వాత ఒళ్లు మండిపోతోంది. ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

గురువర్యులది కోస్తాలో ఓ చిన్న నగరం. ఆ ఊరి కాంక్రీటు కమానుల వంతెన చరిత్ర ఆయనకు పంచప్రాణాలు. కమానును రెండు కొసల నుంచీ ఒకే వేగంతో పోసుకుంటూ రావాలి. ఒకవైపు బరువు ముందుకుపోతే కింద కట్టిన చెక్క చట్రం ఒరిగిపోతుంది. అందుకని రెండు గట్ల మీది ఆడకూలీలూ ఒకే పాట అందుకుని, ఆ లయకే తట్టలు మోశారట. వారిలో ఆయన నాయనమ్మ ఒకరు. "మా ముసలిది మోసిన వంతెన మీద నడిచి బడికెళ్లానమ్మా. ఇంతకంటే గొప్ప వంశం ఏం కావాలి నాకు?" అనేవారు.

పనిలోనూ అదే నియమం. జూబ్లీహిల్స్‌లో రాజమహల్ సెట్టు వేస్తూ ఒకపక్క స్తంభాలు ముందే లేపేశానని నన్ను చెడామడా తిట్టారు. "అవతలివాళ్లను చూసుకుంటూ కట్టాలి పిల్లా! నువ్వొక్కదానివే ముందుకుపోతే ఎవరికి గొప్ప?" సాయంత్రం ఆయనే చాయ్ తెప్పించి తాగించారు.

ఆ చరిత్రనంతా నాతోపాటు చేరిన మరో శిష్యుడికి అరమరికలు లేకుండా చెప్పారు. నాయనమ్మ పేరేమిటని మాత్రం అతను ఏనాడూ అడగలేదు. అతనిప్పుడు పెద్ద దర్శకుడు. పేరు రాయను, రాస్తే అదీ ప్రచారమే అవుతుంది. "మీ నాయనమ్మ కథే తీస్తాను గురువుగారూ" అని కాళ్లకు దండం పెట్టి, తీసింది మాత్రం ఒంటిచేత్తో వంతెన నిలబెట్టిన జమీందారు కథ! పెద్ద హీరో దొరికాడు మరి. హీరో ఉన్నాక తట్టలు మోసిన ఆడవాళ్లెందుకు? ప్రివ్యూ చూసి బయటికొచ్చిన గురువుగారు "సెట్టు బాగుంది నాయనా" అని ఒక్క ముక్క అన్నారు. కారెక్కాక మాత్రం "మా నాయనమ్మను నా చేతులతో నేనే అప్పగించాను" అని ఏడ్చారు. ఆ తర్వాత సొంత ఊరివాళ్లే ఫోన్ చేసి ఆయనకు జమీందారు గొప్పలు చెప్పేవారు. అలా జరగలేదంటే, "సినిమాలో చూశాం కదండీ!" అని నవ్వేవారు.

నిన్న సభలో ఆ దర్శకుడే కళ్లు తుడుచుకుంటూ మైకు అందుకున్నాడు. "ఆ జమీందారు మరెవరో కాదండీ, మా గురువుగారి తాతగారే!" చప్పట్లే చప్పట్లు. ఉండబట్టలేక లేచాను. "ఏంది గీ అబద్ధం? సార్ వాళ్ల నాయనమ్మ తట్టలు మోసింది. గసొంటి తల్లులు కట్టిండ్రు గా వంతెన!" అన్నాను. సభ నడిపిస్తున్న పెద్దాయన నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఊరుకోమ్మా, పోయినాయన పరువు తీస్తావా?" అన్నాడు.

పరువట! మహానుభావా, మీరు తలెత్తుకుని చెప్పుకున్న మాట వీళ్లకు తలవంపులైంది. మీకు నా అశ్రుతర్పణం. మీ నాయనమ్మ పేరు సూరమ్మ. ఆ వంతెన కట్టినవాళ్లలో ఒక్కరి పేరైనా తెలిసినవాళ్లం మొన్నటిదాకా ఇద్దరం ఉండేవాళ్లం.