ముందే పేలిన తుపాకి

ఆయన అసలు పేరు హాజరుపట్టీకే పరిమితం. తక్కినవారందరికీ ఆయన చప్పుళ్ళాయన. టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజులలో, వారానికొక అపరాధకథ చొప్పున కొంతకాలమే సాగి ఆగిపోయిన నాటకాల వరుసలో తలుపు కిర్రుమన్నా, మెట్లమీద అడుగులు వినవచ్చినా, అవన్నీ ఆయన చేతులలో పుట్టినవే. రేకుపళ్ళెంలో గింజలు దొర్లిస్తే వాన. బెత్తంతో తోలుదిండుమీద కొడితే తుపాకి.

నాటకాన్ని ముందుగా చిత్రించి దాచుకొనే సదుపాయం అప్పటికింకా లేదు. నటులు ఆడినది ఆడినట్టే ఇళ్ళకు చేరి, ఆ క్షణానే మాయమయ్యేది. రంగుగోడ వెనుక నిలుచున్న చప్పుళ్ళాయన చూడడానికని గోడకొక కన్నం పెట్టారు గాని, ఆయన దానిని వాడలేదు. కళ్ళు మూసుకొని, చెవినే నమ్ముకొని పనిచేసేవాడు. చూస్తే చేయి తొందరపడుతుందని ఆయన వాదం. ఆ ఏకాగ్రతకు దర్శకుడే ముచ్చటపడేవాడు.

ఒకనాటి కథలో వకీలు కాఫీ తాగి కప్పును సాసరులో పెట్టగానే, కిటికీలోనుండి హంతకుడు కాల్చాలి. కప్పు చప్పుడే ఆయనకు సంకేతం. ఆ సాయంత్రం వకీలు మేనకోడలి వేషం వేసిన అమ్మాయి కంగారులో తన కప్పును ముందుగా సాసరులో పెట్టేసింది. చప్పుళ్ళాయన బెత్తం దిండుమీద పడింది. వకీలు పాతకాపు కనుక, వెంటనే కుర్చీలో ఒరిగిపోయాడు. అప్పటికి కిటికీలో ఎవరూ లేరు! మరుక్షణం తుపాకితో తల దూర్చిన హంతకుడు శవాన్ని చూసి నోరు వెళ్ళబెట్టి, తుపాకిని వెనక్కు దాచి, "అయ్యో, ఎవరు చంపారు?" అన్నాడు. తరువాతి రంగంలో నేరం ఒప్పుకోవలసినవాడు అతడే.

ప్రసారం ముగియగానే దర్శకుడు నడవలో హంతకుణ్ణి పట్టుకొన్నాడు.

"శవం చల్లబడ్డాక వస్తావటయ్యా చంపడానికి?"

"వేళకే వచ్చాననుకున్నానండీ..."

"అంటే నీకు శ్రమెందుకని ఆయనే మొహమాటపడి ముందుగా పోయాడా?"

అందరూ విరగబడి నవ్వారు. బెత్తాన్ని గుడ్డలో చుడుతున్న చప్పుళ్ళాయన కూడా నవ్వాడు. తరువాత ఆయనను వేధించినది బెత్తపు దెబ్బకన్న ఆ నవ్వే.

పక్కింటిలో నాటకం చూసివచ్చిన భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమండీ, మీ బెత్తం ముందు పడింది కదూ?"

"నీకెలా తెలుసు?"

"వారంరోజులు నా తలగడమీద బాదారు, నాకు తెలియకపోవడమేమిటి? ఆ పిల్ల కప్పు పెట్టింది, మీరు కొట్టారు."

"దర్శకుడితో చెబుతాలే."

"ఎప్పుడు? ఆ హంతకుడి వేషగాడి పని ఊడాకా?"

రేపు, ఎల్లుండి అంటూ ఆయన నానుస్తుండగా ఆ మాటే నిజమైంది. నటుల పట్టికలోనుండి హంతకుణ్ణి తొలగించారు. అప్పుడు గాని చప్పుళ్ళాయన కాళ్ళు దర్శకుని గదివైపు కదలలేదు.

"తప్పు నాదండీ. అతణ్ణి మళ్ళీ తీసుకోండి."

దర్శకుడు నవ్వాడు. "నీ చెవి తప్పిందంటే నన్ను నమ్మమంటావా? తోటివాడికోసం నిందను నెత్తినేసుకుంటున్నావు. మంచివాడివయ్యా! వెళ్ళు."

"కావాలంటే ఆ అమ్మాయిని అడగండి."

ఆమెను పిలిపించారు. ఆమె తల వంచుకొని, "నాకు గుర్తులేదు బాబాయ్" అన్నది. తిరిగి చూచుకొందామంటే నాటకమే లేదు.

ఈ సంగతి చెవిని పడిన హంతకుడు గేటు దగ్గర ఎదురుచూచి ఆయన చేతులు రెండూ పట్టుకొన్నాడు. "అన్నయ్యా, నాకోసం అబద్ధమాడావట!"

"అబద్ధం కాదు తమ్ముడూ. నేనే తొందరపడ్డాను."

"ఊరుకో అన్నయ్యా. గోడవెనుక గుండీ పెట్టుకుంటూ నేను ఆగిన మాట నాకు తెలియదూ?"

ఎంత చెప్పినా అతడు వినలేదు. లేని తప్పును వెతికి, అప్పటికే తనదిగా చేసుకొన్నాడు.

కొన్నాళ్ళకు ఆ నాటకాల వరుస ఆగిపోయింది. ఇద్దరూ ఒక చిన్న నాటకసమాజంలో మళ్ళీ కలిశారు. అక్కడ అతడు తెర లేవకమునుపే తుపాకి పట్టుకొని తన చోట నిలుచుండేవాడు. "ఈసారి ఆలస్యం చేయను అన్నయ్యా" అని నవ్వేవాడు. చప్పుళ్ళాయన మాత్రం ఇక కళ్ళు మూసుకోలేదు. అతడి వేలు కదిలేదాకా కన్నార్పక చూచి, అప్పుడు కొట్టేవాడు. అందువల్ల ప్రతిసారీ దెబ్బ క్షణం ఆలస్యంగా పడేది.

"పెద్దవాడైపోయాడు, చెవి మందగించింది" అని సమాజంవారు జాలిపడేవారు. ఆయన వారి మాటను కాదనలేదు.