గుట్ట ఎక్కబోయి బోడకాకర కోసుకొచ్చాం

ఈ రోజు పొద్దున ముసురు పట్టి ఉన్నా, మొయినాబాద్ నుంచి చేవెళ్ల వైపు వెళ్లి ఓ చిన్న గుట్ట ఎక్కుదామని బయల్దేరాం. మా ఆయన, పాప, నేను, మా అత్తమ్మ. మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ గడప దాటడం లేదు. పాప బతిమాలితే ఒప్పుకుంది.

సగం ఎక్కాక వెనక్కి చూస్తే అత్తమ్మ లేదు! మబ్బు కమ్మి దారి కూడా సరిగా కనపడలేదు. గబగబా కిందికి దిగాం. చూస్తే, పొదల పక్కన కూర్చుని కొంగు నిండా బోడకాకరకాయలు కోస్తోంది.

"గిట్ల చెప్పకుంట ఆగిపోతే ఎట్లమ్మా? మస్తు భయపడ్డం!" అన్నారు మా ఆయన.

"ఎందుకురా ఫికర్? గింత మంచి కాయలు ఇడిసిపెట్టి ఎట్లొస్త? జర ఆ తీగ ఇటు గుంజు!"

ఆయన గుంజారు. ఆకుల మీది నీళ్లన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. అత్తమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఇక పైకి వెళ్దామని ఎవరూ అనలేదు. నలుగురం కాయలు కోస్తూ ఉండిపోయాం.

ఇప్పుడే ఆ కూరతో అన్నం తిన్నాం. పైదాకా వెళ్లలేదు కాబట్టి ఇది లెక్కలోకి రాదని మా ఆయన వాదన. అత్తమ్మేమో, "మల్లెప్పుడు పోదాం?" అని అడుగుతోంది. మీరే చెప్పండి, మేం గుట్ట ఎక్కినట్టా, ఎక్కనట్టా?