దేవరకొండ దారిలో దర్వాజ

ఉదయం ఏడింటికి హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో దేవరకొండ బస్సెక్కాను. ‘దర్వాజ’ అనే మాట మీద చిన్న వ్యాసం రాయాలి. పారసీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇళ్లకు చేరిన మాట అది. ఉర్దూలో పుంలింగం, బహువచనంలో దర్వాజే. మన దగ్గరికొచ్చాక ఆ మగతనం బయటే వదిలేసి, బుద్ధిగా ‘లు’ తగిలించుకుని దర్వాజలైంది. ఉర్దూవాళ్లకది తలుపు; నల్లగొండ ఊళ్లలో మాత్రం తలుపు బిగించే చట్రం. ఎందుకిలా మారిందో దర్వాజలు చేసే వడ్లవాళ్లనే అడుగుదామని నా ప్రయాణం. ఇంట్లో కూర్చుని రాయరాదా అని మా ఆయన వెక్కిరించారు.

ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. దారిలో మాల్ అనే ఊళ్లో ఎక్కి, సత్తెమ్మ అనే ఆమె నా పక్కన కూర్చుంది, ఒళ్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయల సంచి. భర్త పోయాక కూలి చేసి ఇల్లు కట్టుకుంటోందట. ఆ రోజే దర్వాజ పెట్టడం. నా అదృష్టానికి నేను మురిసిపోతుంటే ఆమె మొహం మాత్రం వాడిపోయి ఉంది.

“పూజకు మా మరిది, తోటికోడలు కూసుంటరు. మొగడు లేనిదాన్ని, నేను ముట్టొద్దంట. జర దూరం నిలబడి చూస్త,” అంది.

నాకు ఒళ్లు మండింది. రమ్మంటే కాదనకుండా వెంట వెళ్లాను.

తొమ్మిదిన్నరకు కొండమల్లేపల్లిలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో ఊరు చేరాం. పునాది మీద వేపచెక్క దర్వాజ పడుకోబెట్టి ఉంది. పదకొండింటికి ముహూర్తం. మరిది దంపతులు పీటల మీద కూర్చోబోతుంటే, సత్తెమ్మ అత్త కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. సత్తెమ్మను ఇంకా దూరం జరగమంటుందేమోనని భయపడ్డాను.

“సత్తెమ్మా, గిటు రా. రాళ్లు మోసినప్పుడు నిన్ను ఎవ్వలు వద్దనలే. మొదటి బొట్టు నువ్వే పెట్టు.”

వెనకనుంచి ఒకావిడ గొణిగింది. మరిది కుంకుమ భరిణె వదిన చేతికిచ్చాడు. సత్తెమ్మ దర్వాజకు మొదటి బొట్టు పెట్టింది. నాకు కళ్లనీళ్లాగలేదు. వడ్లాయన, మరిది కలిసి దర్వాజ నిలబెట్టారు.

గోడలింకా లేవు, చుట్టూ ఖాళీ జాగా. అయినా పక్కనుంచి ఎవరూ పోలేదు. గొణిగినావిడతో సహా అందరూ వంగి, దర్వాజలోంచే లోపలికి నడిచారు.

భోజనాలయ్యాక మూడింటికి బయలుదేరాను. సత్తెమ్మ దర్వాజలో నిలబడి సాగనంపింది.

“మళ్ల రాండ్రి అక్కా. గప్పటికి తలుపులు గూడ పెట్టిస్త.”

తిరుగు బస్సులో మాల్ దాటాక గుర్తొచ్చింది, వడ్లాయన్ని ఏమీ అడగలేదని. వ్యాసానికి తొందరేం లేదు. ఆ తలుపులు పెట్టేనాటికి మళ్లీ వెళతాను.